పుల్లరి నుండి ప్రీమియము వరకు

పల్నాటి సీమలో 'ఉచితము', 'రుసుము' అన్న రెండు మాటలను పక్కపక్కన ఉంచి పలికినపుడు పెద్దలకు మొదట స్ఫురించేది పుల్లరి. అడవిలో పశువు మేసిన గడ్డికి సర్కారువారు వసూలు చేసిన పన్ను అది. నల్లమల అంచున, మాచర్ల, వెల్దుర్తి, దుర్గి ప్రాంతాలలో తరతరాలుగా పశువులను తోలుకొనిపోయిన వారికి అడవి పెరటిదొడ్డి వంటిది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చిన తరువాత ఆ దొడ్డికి గేటు పడినది. కట్టెకు అనుమతిచీటి, మేతకు అనుమతిచీటి, చీటికి రుసుము. 1921లో ఆ రుసుము కట్టబోమని పల్నాటి గ్రామాలు నిలిచినవి. పశువులను చీటి లేకుండగనే అడవిలోనికి తోలినారు. అటవీ ఉద్యోగులను సంఘబహిష్కారం చేసినారు. కాంగ్రెసు పక్షాన విచారించుటకు మాచర్లకు వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు, వేదాంతం నరసింహాచారిగారు నిర్బంధితులైనారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద పోలీసు కాల్పులలో కన్నెగంటి హనుమంతుగారు ప్రాణాలు విడిచినారు.

ఇంతటి కథను తెచ్చి చేతిఫోనులోని ఆఫీసు సాఫ్ట్‌వేరుకు ముడిపెట్టుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని నేడు నరసరావుపేటలో ఒక విద్యార్థి, గురజాలలో ఒక మిరప రైతు, మాచర్లలో ఒక చిన్న వర్తకుడు ఉత్తరం వ్రాయుటకు, జమాఖర్చు వేయుటకు, కాగితాన్ని ఫొటో తీసి పత్రంగా మార్చుటకు ఫోనునే వాడుచున్నారు. యాప్ దింపుకొనుట ఉచితము. అందులో వ్రాయుట ఉచితము. వ్రాసినదానిని ముద్రకు పంపబోవు వేళ తెరమీద ఒక పలక నిలుచును: ఈ పనికి ప్రీమియము తీసుకొనవలెనని. పుల్లరి చీటి జ్ఞాపకం రాక మానదు.

పోలికను మితిమీరి లాగరాదు. అడవిని దొరలు నాటలేదు. సాఫ్ట్‌వేరును మాత్రం ఎవరో జీతాలిచ్చి వ్రాయించినారు. దానికి వెల అడుగుటలో అన్యాయం ఏమియు లేదు. కావున రుసుమును చూడగానే సత్యాగ్రహానికి దిగనక్కరలేదు. చూడవలసినది గేటును ఎక్కడ పెట్టినారన్న సంగతి. గేటుకు అవతల ఉన్నది వారి సొత్తా, మన సొత్తా?

ఈ ప్రశ్న మన గ్రామాలకు పాతదే. ఫోనుకు, కంప్యూటరుకు ముందు గ్రామానికి కార్యాలయమంటే కరణంగారి అరుగు. గ్రామ చరిత్ర, భూముల వివరము, ఈనాముల లెక్క, అన్నియు దండకవిలెలలో ఉండేవి. కల్నల్ కాలిన్ మెకంజీ పక్షాన కావలి సోదరులు, వారి సహాయకులు ఊరూర తిరిగి కైఫియత్తులు వ్రాయించినపుడు ఎన్నో గ్రామాలలో ఆధారమైనవి ఆ కవిలెలే. కరణానికి ప్రతిఫలంగా మిరాశీ హక్కు, ఈనాము భూమి, తరువాతి కాలంలో కొద్దిపాటి జీతం ఉండేవి. లెక్క గ్రామానిది, కవిలెకట్ట మాత్రం కరణంగారి అటకమీద ఉండేది. రైతు తన పొలం సంగతి తెలిసికొనుటకు వెల లేదు, గాని నకలు కావలెనన్నపుడు దయ కావలెను. దయకు మామూలు ఉండేది. 1984 జనవరిలో రాష్ట్రప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసినది; అటకమీది కట్టలు చేతులు మారినవి. 2011 నవంబరులో మీసేవ కేంద్రాలు ఆరంభమైన తరువాత అడంగలు నకలుకు ఇంత అని పలకమీద వ్రాసి, రసీదు ఇచ్చుట వచ్చినది. రుసుము పోలేదు, కంటికి కనబడినది. ఈ తేడా స్వల్పమైనదని నేననుకొనను.

రేడియో గల ఇళ్ళవారికి ఇంకొక ఉదాహరణం ఇంట్లోనే ఉన్నది. ఒకప్పుడు రేడియో పెట్టె కొన్నంతమాత్రాన వినుటకు హక్కు రాలేదు. ఏటేటా తపాలా కార్యాలయంలో లైసెన్సు రుసుము కట్టి, పుస్తకంలో గుర్తు వేయించుకొనవలసి ఉండేది. 1980 దశకంలో ఆ లైసెన్సు రద్దైనది. ఈలోగా మరొక మార్గం తెరచుకొన్నది. 1957 అక్టోబరులో ఆరంభమైన వివిధభారతిలో 1967 నవంబరు నుండి వ్యాపార ప్రకటనలు చేరినవి. అనగా ఒకే గానానికి రెండు విధాల వెల కట్టవచ్చును: డబ్బుతో, లేదా చెవితో. పాటకు పాటకు నడుమ సబ్బు గొప్పతనం వినుట చెవితో కట్టిన వెల. ఫోను యాపులలో నేడు ఉచితమని చెప్పబడునది చాలావరకు ఈ రెండవ జాతిది.

ఆఫీసు సాఫ్ట్‌వేరులో ఉచితము, రుసుము అన్న విభజన ఫోనుతో పుట్టినది కాదు. 1983లో అమెరికాలో బాబ్ వాలెస్ అనునాయన పీసీ-రైట్ అనే వ్రాత సాఫ్ట్‌వేరును తయారు చేసినాడు. ఆయన మైక్రోసాఫ్టు సంస్థ తొలి ఉద్యోగులలో ఒకడు. సాఫ్ట్‌వేరు ఉన్న డిస్కును పది డాలర్లకు ఇచ్చి, నకళ్ళు తీసి స్నేహితులకు పంచుకొనుడని తానే చెప్పినాడు. అచ్చుపుస్తకము, సహాయము కావలెనన్నవారు 75 డాలర్లు కట్టి నమోదు కావలెను. అట్లు నమోదైనవాని డిస్కు చూచి మరొకరు నమోదైనచో మొదటివానికి 25 డాలర్లు ముట్టేవి. మన పెండ్లిండ్లలో పేరయ్యకు ఇచ్చు సంభావన వంటిది. ఇందులో గమనించవలసినది, ఉచితంగా తీసుకొన్నవానికి వ్రాత పనిముట్టు సంపూర్ణంగానే దక్కినది. వెల కట్టినది బోధనకు, ఆదరణకు.

పదేళ్ళు గడచునప్పటికి గేటు జరిగినది. 1993లో అడోబీ సంస్థ పి.డి.ఎఫ్. పత్రాలను ప్రవేశపెట్టినది. మొదట వాటిని చదువు సాధనానికి కూడ యాభై డాలర్ల వెల ఉండేది. కొనేవారు లేకపోగా మరుసటి సంవత్సరమే చదువు సాధనాన్ని ఉచితం చేసి, పత్రం తయారు చేయు సాధనానికి మాత్రం వెల నిలిపినారు. చదువుట ఉచితము, చేయుట రుసుము. ఈ సూత్రం బహుచక్కగా ఫలించినది. చదువరులు కోట్లమంది కాగా, తయారు చేయువారు కొనక తప్పలేదు. తరువాత 2008లో పి.డి.ఎఫ్. అంతర్జాతీయ ప్రమాణమైనది, ఆ రూపంలో పత్రం చేయుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. అయినను చాలా ఫోను యాపులలో నేటికిని పి.డి.ఎఫ్. చుట్టూనే ప్రీమియము కంచె కనబడుట చరిత్ర మిగిల్చిన ఆనవాలు. ఉచితముతో ఆకర్షించి ప్రీమియముతో ఆర్జించు ఈ పద్ధతికి ఫ్రీమియం అన్న సంకర నామం 2006లో పుట్టినది.

ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒక్క మాట రెండర్థాలను మోయుచున్నది. వెల లేనిదియు అదే, బంధం లేనిదియు అదే. ఆ తికమకను తీర్చుటకు రిచర్డ్ స్టాల్మన్ 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించినప్పటినుండి ఎంతో వివరించవలసి వచ్చినది. తెలుగువారికి ఆ శ్రమ లేదు. ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో ఈ ఉద్యమం నడపిన సంస్థ తన పేరునే స్వేచ్ఛ అని పెట్టుకొన్నది.

ఇక మన అక్షరాల సంగతి. నా దృష్టిలో పుల్లరి పోలిక నిజంగా సరిపోయేది ఇక్కడనే.

1966లో అధికార భాషా చట్టం వచ్చి తెలుగు రాష్ట్రప్రభుత్వ భాషయైన తరువాత తెలుగు టైపుమిషన్లకు గిరాకీ కలిగినది. టైపు ఇన్‌స్టిట్యూట్లలో నెల రుసుము కట్టి లోయరు, హయ్యరు పరీక్షలకు వ్రేళ్ళు అరిగిపోవునట్లు అభ్యసించిన తరం ఒకటి ఉన్నది. మిషను ఖరీదు ఎక్కువే. కాని అందులో కొట్టిన కాగితం ఎవరి చేతికిచ్చినను తెలుగుగానే ఉండేది. కంప్యూటరు వచ్చిన తరువాత ఈ ధర్మం తప్పినది. డి.టి.పి. సెంటర్లలో పెండ్లి పత్రికలు, కరపత్రాలు, దరఖాస్తులు తయారైన తెలుగు ఫాంట్లు ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క పద్ధతిలో ఉండేవి. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాలలో తెలుగు బొమ్మలను కూర్చి పని గడిపినారు. అను వంటి ఫాంట్లు ముద్రణకు అందంగా ఉండి, మన పత్రికలకు, ముద్రాపకులకు ఎంతో సేవ చేసినమాట నిజము. కాని ఆ ఫాంటు లేని యంత్రంలో ఆ పత్రాన్ని తెరచినచో తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల గుంపు కనబడేది. వ్రాసినది రైతు కష్టం, అక్షరం తెలుగుజాతిది, చదువుటకు తాళపుచెవి మాత్రం ఇంకొకరిది. వెల ఎంతన్నది ఇక్కడ రెండవ ప్రశ్న. పదివేలైనను, పది రూపాయలైనను, ఎవరో ఇచ్చిన నకలు వలన ఏమియు కట్టకపోయినను, బంధం బంధమే.

దీనికి విరుగుడు యూనికోడు. 1991 అక్టోబరులో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగుకు స్థానం దొరికినది. ప్రతి అక్షరానికి లోకమంతటా ఒకే సంఖ్య. అయితే సంఖ్య ఉన్నంతమాత్రాన అక్షరం కనబడదు. దానికి రూపమిచ్చు ఫాంటు కావలెను, కొట్టుటకు మార్గం కావలెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నది. కాని ఆ తొలినాళ్ళలో తెలుగువారి పని గడిపినవి కొందరు వ్యక్తులు కానుకగా ఇచ్చిన సాధనాలు. అమెరికాలో నివసించు తిరుమల కృష్ణదేశికాచార్యులవారు పోతన, వేమన అను రెండు ఫాంట్లను చేసి వెల లేకుండ పంచినారు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టినచో తెలుగుగా మార్చు లేఖినిని 2000 దశకం నడుమ వీవెన్ అందించినారు. పాత ఫాంట్ల తెలుగును యూనికోడులోనికి మార్చు పద్మ అనే పనిముట్టును వెన్న నాగార్జునగారు చేసినారు. భారతప్రభుత్వం 2005లో తమిళంతో ఆరంభించి ఆయా భాషల సాధనాలను సి.డి.లలో ఉచితంగా పంచినది. తెలుగుకు కూడ వంతు వచ్చినది. 2012 ప్రాంతాలలో సిలికానాంధ్ర చొరవతో మండలి, గిడుగు, సురవరం, రామభద్ర మొదలైన పేర్లతో ఫాంట్లు వెలువడినవి. వాటిని ఎవరైనను వాడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును.

ఉచితపు ఫాంటుకు పోతన పేరు పెట్టుట ఎంత ఔచిత్యమో చూడుడు. భాగవతాన్ని రాజుకు అంకితమిచ్చుటకు నిరాకరించి హాలికుడై బ్రతికినాడని ఆయనను గూర్చి చెప్పుకొందురు. శ్రీనాథుడు రాజుల కొలువులలో కనకాభిషేకం పొందినవాడు. మన పల్నాటి వీరచరిత్రను ద్విపదగా వ్రాసినవాడని పేరు పొందినవాడును ఆయనే. ఇద్దరును మహాకవులే. వెల పుచ్చుకొన్నంతమాత్రాన శ్రీనాథుని పద్యానికి వన్నె తగ్గలేదు. సాఫ్ట్‌వేరు విషయంలో కూడ ఈపాటి సమదృష్టి ఉండవలెనని నా మనవి.

ఫోను కథ దీని తరువాతిది. 2016 సెప్టెంబరులో జియో సేవలు ఆరంభమై 2017 మార్చి చివరవరకు డేటాను ఉచితంగా ఇచ్చినవి. పల్లెలకు ఇంటర్నెటు ప్రవేశించినది ఆ ద్వారమునుండియే. ఏప్రిలు నుండి ద్వారానికి వెల పడినది. తొలినాళ్ళ ఆండ్రాయిడు ఫోన్లలో తెలుగు అక్షరాలు గళ్ళుగళ్ళుగా కనబడేవి. ఆ బాధ అప్పటికి తీరినది. వ్రాయుటకు, లెక్కలకు యాపులు సిద్ధంగా ఉన్నవి.

ఆ యాపులలో గేటు ఎంత త్వరగా జరుగునో చూచుటకు రెండు సంవత్సరాలు చాలును. 2013 జూన్‌లో మైక్రోసాఫ్టు తన ఆఫీసును ఐఫోనుకు తెచ్చినది. చందా కట్టినవారికి మాత్రమే. 2014 మార్చిలో ఐపాడుకు తెచ్చినపుడు చదువుట ఉచితము, సవరించుటకు చందా అన్నది. అదే సంవత్సరం నవంబరులో మామూలు సవరణ కూడ ఉచితమన్నది. అటుపిమ్మట తెర 10.1 అంగుళాలు దాటిన పరికరంలో సవరణకు చందా కావలెనన్న నియమం పెట్టినది. అదే వ్రాత, అదే యాప్. తెర వెడల్పును బట్టి పన్ను! ఇంటి కిటికీలు లెక్కించి పన్ను వేసిన ఇంగ్లండు రాజుల ముచ్చట జ్ఞాపకం వచ్చును. సంస్థ ఔదార్యము ఒక్కసారిగా పెరిగినదని గాని తగ్గినదని గాని దీనికర్థం కాదు. గూగుల్ తన పత్రాల యాపులను 2014 ఏప్రిలులో ఉచితంగానే విడుదల చేసియున్నది. పక్క అంగడిలో ఊరక ఇచ్చుచుండగా ఈ అంగడిలో వెల నిలువదు.

ఊరక ఇచ్చినదానికి ఉండు ప్రమాదం వేరు. క్విక్‌ఆఫీస్ అనే యాపును ఎందరో కొని వాడినారు. 2012 జూన్‌లో గూగుల్ ఆ సంస్థను కొన్నది. 2013 సెప్టెంబరులో దానిని అందరికి ఉచితం చేసినది. 2014లో దానిని విరమించుచున్నట్లు ప్రకటించినది. వెల ఉన్నంతకాలం బ్రతికిన యాప్ ఉచితమైన ఏడాదిలో కన్నుమూసినది.

మన విద్యార్థులకు, ఉద్యోగులకు బాగా తెలిసినది కామ్‌స్కానరు. ఫోనుతో కాగితాన్ని ఫొటో తీసి శుభ్రమైన పి.డి.ఎఫ్.గా మార్చు యాప్ అది. ఉచితంగా వాడినవారి ప్రతి పుటకు అడుగున యాప్ పేరు ముద్రపడేది. ఆ ముద్ర పోవలెనన్న డబ్బు కట్టవలెను. మార్కుల జాబితామీద, పాసు పుస్తకం నకలుమీద కూడ ఆ ముద్ర ఊరేగినది. అనగా ఉచితంగా వాడువాడు ఆ సంస్థకు ప్రకటనల పలక మోయు కూలివాడైనాడు. 2019 ఆగస్టులో ఆ యాపుతో చేరిన ప్రకటనల భాగంలో హానికరమైన కోడు ఉన్నదని కాస్పర్‌స్కీ పరిశోధకులు బయటపెట్టగా గూగుల్ దానిని కొంతకాలం అంగడినుండి తొలగించినది. 2020 జూన్ 29న భారతప్రభుత్వం నిషేధించిన 59 యాపులలో కామ్‌స్కానరు ఒకటి. బడులు మూతపడి, పాఠాలు, జవాబు పత్రాలు ఫోనుమీదనే నడచుచున్న కాలమది. ఫోనులోనే పి.డి.ఎఫ్.లను దాచుకొన్నవారికి పెద్ద చిక్కు లేదు. అన్నిటిని యాపు ఖాతాలోనే వదలినవారికి, సొమ్ము కట్టినను కట్టకున్నను, గడ్డి మొత్తము కంచెకు అవతల మిగిలినది.

కావున యాప్ ఎన్నుకొనునపుడు నేను అడుగుమని చెప్పేది వెల గురించి కాదు. వ్రాసినది ఏ రూపంలో బయటకు వచ్చును? యాప్ తీసివేసిన తరువాత ఆ పత్రాన్ని మరొకటి తెరువగలదా? తెలుగు తెలుగుగానే ఉండునా, లేక చిత్రపటమైపోవునా? 1999లో సన్ సంస్థ కొన్న స్టార్‌ఆఫీస్, 2000లో ఓపెన్‌ఆఫీస్‌గా బహిరంగమై, 2010లో లిబ్రేఆఫీస్‌గా రూపాంతరం పొందినది. దాని వంశానికి చెందిన కొల్లబోరా ఆఫీసు నేడు ఫోనులో కూడ దొరకుచున్నది. యజమానులు మారినను, పేర్లు మారినను, అందులో వ్రాసిన పత్రాల రూపం బహిరంగ ప్రమాణం గనుక పాత పత్రాలు తెరచుకొనుచునే ఉన్నవి. వైభవంగా కనబడు మాట నిజం కాదు. చిన్న తెరమీద దానికంటె డబ్బున్న సంస్థల యాపులే చేతికి సుళువుగా ఉండును. నెలనెలా చందా కట్టి వాటిని వాడు గుమాస్తాను నేను తప్పుపట్టను. ఆయన పనికి ఆ సుళువు విలువైనదే. కాని పదవ తరగతి పిల్లవానికి, ఏడాదికి రెండు అర్జీలు వ్రాయు రైతుకు చందా అక్కర లేదు. ప్రీమియము పలకను చూచి జంకనక్కర లేదు. పుట అడుగున ముద్ర వేయని యాప్, పి.డి.ఎఫ్.కు వెల అడుగని యాప్ వెదకినచో దొరకును. ఆధారపత్రాల నకళ్ళకు 2015 జూలైలో ఆరంభమైన డిజిలాకరు ఉన్నది. దానికి రుసుము లేదు.

2022 ఏప్రిలు 4న పల్నాడు ప్రత్యేక జిల్లాయైనది. నరసరావుపేట జిల్లా కేంద్రమైనది. మాచర్ల వారు అర్జీతో గుంటూరు వరకు పోవలసిన ప్రయాణం తగ్గినది. సోమవారంనాడు కలెక్టరు కార్యాలయానికి పోవు దారిలో జిరాక్సు అంగళ్ళముందు నిలిచినవారిని చూడుడు. అర్జీ ఫోనులోనే వ్రాసి తెచ్చినవారు ఉందురు. అంగడివాడు వాట్సాప్‌లో దానిని పుచ్చుకొని తన కంప్యూటరులో తెరచును. యూనికోడులో వ్రాసినదైనచో అక్షరాలు చెక్కుచెదరకుండ తెరమీద పడును. రెండు పుటలకు ఏవో కొద్ది రూపాయలు పుచ్చుకొని చేతికిచ్చును. కాకున్నచో అర్జీదారును ఒక స్టూలుమీద కూర్చుండబెట్టి, నోటితో చెప్పమని, మొదటినుండి మరల కొట్టుట ఆరంభించును. దానికి పుటకింత.